కేప్ టౌన్ చుట్టూ 109 కిలోమీటర్ల సైకిల్ లూప్: గేర్ల సంగతి తర్వాత, ముందు గాలి సంగతి చూడండి

మీరు అడిగింది ఇదీ: జనవరి, మార్చి మధ్యలో ఆఫీసు పని మీద కేప్ టౌన్ వస్తున్నారు. చదును రోడ్డు మీద 80 కిలోమీటర్లు ఇబ్బంది లేకుండా తొక్కుతారు, ఘాట్ రోడ్లు మాత్రం అంతగా అలవాటు లేదు. కేప్ ద్వీపకల్పం చుట్టూ తిరిగే లూప్ ఒక్కరోజులో పూర్తవుతుందా, చాప్‌మన్స్ పీక్ అనే ఘాట్ రోడ్డు ఎక్కడానికి ఏ గేర్లు కావాలి, ఎటు నుంచి ఎటు తిరగాలి?

పూర్తవుతుంది. మీ ప్రశ్నలో సగం చాప్‌మన్స్ పీక్ గురించే ఉంది కానీ, నన్నడిగితే ఈ లూప్‌లో అసలు కష్టం అది కాదు. మొత్తం ఎక్కుడు సుమారు 1,200 మీటర్లు, అది కూడా ముక్కలు ముక్కలుగా వస్తుంది. చాప్‌మన్స్ పీక్ రోడ్డు శిఖరం సముద్రానికి 160 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. గంటన్నర సేపు ఆగకుండా ఎక్కాల్సిన కొండ ఏదీ ఈ దారిలో లేదు. ఇక్కడ మనుషుల్ని కూలేసేది గాలి. నేను ఈ రోడ్ల మీద ఏళ్లుగా తొక్కుతున్నాను. కాళ్లలో బలం లేక ఆగిపోయినవాళ్ల కంటే, గాలి లెక్క తప్పి ఆగిపోయినవాళ్లనే ఎక్కువగా చూశాను.

మీరొచ్చే నెలల్లో ఇక్కడ ఆగ్నేయ గాలి వీస్తుంది. సౌత్ ఈస్టర్ అంటారు, ఊరి గాలిని శుభ్రం చేస్తుందని 'కేప్ డాక్టర్' అని కూడా పిలుస్తారు. ఎండాకాలమంతా, అంటే సుమారుగా అక్టోబర్ నుంచి మార్చి దాకా, దీనిదే రాజ్యం. టేబుల్ మౌంటెన్ తల మీద తెల్లటి మేఘం దుప్పటిలా పరుచుకుని అంచుల నుంచి కిందికి జారుతుంటే, ఆ రోజు సౌత్ ఈస్టర్ గట్టిగా ఉన్నట్టే. టూరిస్టులు ఫొటోలు తీసుకుంటారు, సైకిల్ వాళ్లు టైర్లలో గాలి తీసేసి ఇంట్లో కూర్చుంటారు.

అది ఎంత పని చేయిస్తుందో చిన్న లెక్కలో చెప్తాను. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మీరు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఎదురుగా అంతే వేగంతో గాలి వస్తే, మీ ఒంటికి తగిలే గాలి వేగం రెట్టింపు, అడ్డు నాలుగు రెట్లు. ఇంకోలా చూడండి. మీరూ సైకిలూ కలిపి 85 కిలోలు, వేగం 20, ఎదురుగాలి 30 అనుకుందాం. ఆ గాలి మీ మీద వేసే అదనపు భారం సుమారు నాలుగున్నర శాతం ఏటవాలు ఎక్కుతున్నంత ఉంటుంది. రోడ్డు చదునుగానే కనిపిస్తుంది, కానీ కాళ్లు ఘాట్ ఎక్కుతుంటాయి. పైగా ఘాట్‌కి ఒక శిఖరం, ఆ తర్వాత ఒక దిగుడు ఉంటాయి. ఎదురుగాలికి ఆ రెండూ ఉండవు.

అందుకే ఎటు నుంచి ఎటు అనే ప్రశ్న గేర్ల కంటే ముఖ్యం. దక్షిణాఫ్రికాలో కూడా మనలాగే ఎడమవైపు నడుపుతారు. గడియారం ముల్లు తిరిగే దిశలో, అంటే ఊర్లోంచి తూర్పు తీరం మీదుగా దక్షిణానికి దిగి, పడమటి తీరం మీదుగా పైకి వస్తే, సముద్రం దాదాపు దారంతా మీ ఎడమ చేతివైపే ఉంటుంది. మీకూ నీళ్లకూ మధ్య ఎదురొచ్చే బళ్లుండవు. ఫాల్స్ బే వైపు, అంటే తూర్పు తీరంలో, సౌత్ ఈస్టర్ మీ ముఖానికో, ఎడమ భుజానికో కొడుతుంది. కాళ్లు తాజాగా ఉన్న మొదటి సగంలోనే ఆ బాకీ తీరిపోతుంది. తర్వాత అట్లాంటిక్ వైపు ఉత్తరానికి తిరిగినప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది. ఇక్కడి పెద్ద పోటీ, కేప్ టౌన్ సైకిల్ టూర్, ఇదే దిశలో జరుగుతుంది. చలికాలం, అంటే మే నుంచి ఆగస్టు దాకా, వాన తెచ్చే వాయవ్య గాలి ఉంటుంది కాబట్టి అప్పుడు గాలి లెక్క తిరగబడుతుంది. మీకు ఆ గొడవ లేదు.

బయల్దేరే టైము. సౌత్ ఈస్టర్ మామూలుగా తెల్లవారుజామున కాస్త తగ్గి, మధ్యాహ్నానికి పుంజుకుంటుంది. అయితే కొన్నిసార్లు వరసగా రెండు మూడు రోజులు రాత్రింబవళ్లు వీస్తూనే ఉంటుంది. వెలుతురు రాగానే బయల్దేరండి. ముందురోజు గాలి అంచనాలో సగటు వేగం ఒక్కటే చూసి ఊరుకోకండి, దాని పక్కనే ఉండే గస్ట్ (ఉన్నట్టుండి వచ్చే గాలి విసురు) అంకె చూడండి. నా సొంత హద్దు చెప్తాను: సగటు గంటకు 30 కిలోమీటర్ల లోపుంటే వెళ్తాను, 40 దాటితే వెళ్లను. మధ్యలో ఉంటే గస్టుల్ని బట్టి నిర్ణయిస్తాను. మీరు కొత్తవాళ్లు, ఒకరోజు అటూ ఇటూ మార్చుకునే వీలు పెట్టుకోండి. పోటీ నిర్వాహకులకు కూడా ఈ గాలి దగ్గర వేరే దారి లేకపోయింది. 2009లో ఈదురుగాలికి సైకిళ్ల మీదున్నవాళ్లు పడిపోయారు. 2017లో మొదలైన కాసేపటికే పోటీ రద్దు చేశారు.

ఇక దారి. ఊళ్లోంచి మ్యూజెన్‌బర్గ్ దాకా ఉన్న మొదటి భాగం గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు, సిగ్నళ్లూ ట్రాఫిక్కూ. పోటీ రోజు బళ్లు ఆపేసి హైవే మీద తొక్కనిస్తారు. ఆ వీడియోలు చూసి మామూలు రోజు ఆ ఎం-3 హైవే ఎక్కేయకండి. ఎం-4 అనే మెయిన్ రోడ్డు పట్టుకోండి. ఆదివారం పొద్దున్నయితే ఖాళీగా ఉంటుంది.

మ్యూజెన్‌బర్గ్ నుంచి కాక్ బే, ఫిష్ హూక్, సైమన్స్ టౌన్ దాకా రోడ్డు, రైలు పట్టాలు, సముద్రం మూడూ పక్కపక్కనే సాగుతాయి. అందంగా ఉంటుంది కానీ కాక్ బే దగ్గర రోడ్డు ఇరుకు. ఎడమవైపు ఆపిన కార్ల తలుపులు ఎప్పుడు తెరుచుకుంటాయో తెలీదు. ఒక తలుపు వెడల్పు దూరం వదిలి తొక్కండి. ఇక్కడే పక్కగాలి మొదటిసారి తెలుస్తుంది. గాలి ఎడమవైపు సముద్రం మీంచి వస్తుంది కాబట్టి మిమ్మల్ని కుడివైపుకి, అంటే బళ్లు వెళ్లే వైపుకి నెడుతుంది. రెండు ఇళ్ల మధ్య ఖాళీ వచ్చినప్పుడల్లా ఒక తోపు. హ్యాండిల్ బిగపట్టుకుంటే సైకిల్ ఇంకా ఎక్కువ ఊగుతుంది. మోచేతులు వదులుగా ఉంచి, కాస్త వంగి, పెడల్ ఆపకుండా తొక్కుతూ పోవాలి. ఎత్తు అంచులున్న కార్బన్ చక్రాలు వద్దనేది ఇందుకే. చూడ్డానికి బాగుంటాయి, ఈ గాలికి తెరచాపల్లా పని చేస్తాయి.

సైమన్స్ టౌన్‌లో ఆగి సీసాలు రెండూ నింపుకోండి, ఏదైనా తినండి. ఇక్కడ నేవీ స్థావరం ఉంది, ఊరు దాటగానే బౌల్డర్స్ బీచ్‌లో ఆఫ్రికన్ పెంగ్విన్లు ఉంటాయి. పెంగ్విన్ల దగ్గర గంట గడిపితే మాత్రం మధ్యాహ్నం గాలిలో ఆ గంటకి వడ్డీతో సహా కట్టాల్సి వస్తుంది. ఇక్కణ్ణించి స్కార్‌బరో దాకా నీళ్లు దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి.

నా లెక్కలో ఈ లూప్ మొత్తానికీ అసలైన పరీక్ష ఈ తర్వాతి ముక్కే. మిల్లర్స్ పాయింట్ దాటాక రోడ్డు కొండ పక్కన సాగుతూ నెమ్మదిగా స్మిట్స్‌వింకల్ బే పైకి ఎక్కుతుంది. నిట్టనిలువు కాదు, కాకపోతే ఎంతకీ తెగదు. ఎడమవైపు చాలా కింద నీలం నీళ్లు, ముఖానికి గాలి. చాలామంది ఇక్కడ చేసే పొరపాటు ఏమిటంటే, ఎక్కుడు చిన్నదే కదా అని చదును రోడ్డు వేగాన్ని నిలబెట్టాలని చూస్తారు. వేగాన్ని పట్టించుకోకండి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగేంత ఊపిరి మిగిలేలా తొక్కండి, స్పీడోమీటర్‌లో 12 కనిపించినా సరే. పైకి వచ్చాక కేప్ పాయింట్ రిజర్వ్ గేటు ఎడమవైపు కనిపిస్తుంది. అక్కడ చుట్టూ పొదలే తప్ప చెట్టూ చేమా ఉండవు, గాలికి అడ్డేమీ లేదు. శిఖరం వచ్చింది కదా అని ఊపిరి పీల్చుకునేలోపే గాలి మళ్లీ పట్టుకుంటుంది.

రిజర్వ్ లోపలికి వెళ్లాలంటే టికెట్ కొనాలి. గేటు నుంచి కొన దాకా సుమారు 13 కిలోమీటర్లు, అంతే దూరం వెనక్కి. మొదటిసారి లూప్‌లో దాన్ని కలపకండి, ఇంకో రోజు కారులో వెళ్లండి. ఆఫ్రికా దక్షిణ కొస అదేనని చాలామంది అనుకుంటారు. కాదు, అది ఇక్కడికి ఆగ్నేయంగా చాలా దూరంలో ఉన్న అగుల్హాస్.

ఈ చుట్టుపక్కల బబూన్ కోతుల గుంపులు తిరుగుతాయి. మన కోతుల కంటే చాలా పెద్దవి. తినే వస్తువు చేతిలోనో, హ్యాండిల్ మీది సంచిలోనో కనిపించకూడదు. రోడ్డు మధ్యలో కూర్చుని ఉంటే నెమ్మదించి, దూరంగా, ఆగకుండా దాటిపోండి. వాటికి తిండి పెట్టడం చట్టరీత్యా నేరం.

గేటు దాటాక రోడ్డు పడమటికి తిరుగుతుంది, గాలి వెనక్కి చేరుతుంది. స్కార్‌బరో వైపు దిగుడు లూప్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, ముందంతా అట్లాంటిక్ పరుచుకుని ఉంటుంది. మిస్టీ క్లిఫ్స్ దగ్గర అలల తుంపర రోడ్డు మీదికి వస్తుంది, కళ్లద్దాల మీద ఉప్పు పేరుకుంటుంది. జేబులో ఒక మెత్తటి గుడ్డ ఉంచుకోండి. ఇంటికొచ్చాక చైన్ తుడిచి నూనె వేయకపోతే తుప్పు ఎంత త్వరగా పడుతుందో చూసి ఆశ్చర్యపోతారు.

కొమ్మెకీ దాటాక ఒక మెలిక ఉంది, దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. గాలి ఇక వెనకే ఉంటుందని మీరు ధీమాగా ఉంటారు. కానీ కొమ్మెకీ నుంచి సన్ వ్యాలీ దాకా రోడ్డు తూర్పుకి, లోపలికి తిరుగుతుంది. కొన్ని కిలోమీటర్లే, కానీ మళ్లీ ముఖానికే గాలి, చూడ్డానికి ఏమీ ఉండదు, ఎండ నెత్తికెక్కి ఉంటుంది. గుంపుగా ఉంటే ఒకరి వెనక ఒకరు చేరి వంతులవారీగా ముందుండండి. ఒంటరిగా ఉంటే చిన్న గేరులోకి మారి ఓపిక పట్టండి. ఈ ముక్కలో పంతానికి పోయి కాళ్లు ఖాళీ చేసుకున్నవాళ్లే చాప్‌మన్స్ పీక్ మీద దిగి నడుస్తారు, తర్వాత ఆ ఘాట్ భయంకరమైందని అందరికీ చెప్తారు.

ఇప్పుడు మీరు అడిగిన చాప్‌మన్స్ పీక్. నూర్డ్‌హూక్ నుంచి హౌట్ బే దాకా 9 కిలోమీటర్లు, 114 మలుపులు. 1915లో పని మొదలుపెట్టి 1922లో ప్రారంభించారు, కట్టడంలో ఖైదీల చేత చాకిరీ చేయించారు. కింద గట్టి గ్రానైట్, పైన పొరలు పొరలుగా ఇసుకరాయి, ఆ రెండూ కలిసే చోటు వెంబడే రోడ్డు చెక్కారు. గ్రానైట్ మీద పునాది నిలబడింది, కానీ పైనున్న ఇసుకరాయి వదులై రాలుతుంటుంది. రాళ్లు పడి ప్రమాదాలు జరగడంతో 2000లో మూసేసి, వలలు కట్టి, ఒకచోట కొండనే పైకప్పుగా తొలిచి, 2003 చివర్లో టోల్ రోడ్డుగా మళ్లీ తెరిచారు. సైకిళ్లకు టోల్ లేదు. పెద్ద వాన పడినా, రాళ్లు జారే ప్రమాదం ఉన్నా ఇప్పటికీ మూసేస్తారు. కాబట్టి బయల్దేరే ముందు తెరిచి ఉందో లేదో చూసుకోండి, లేకపోతే కొండ మొదలు దాకా వచ్చి వెనక్కి తిరగాలి.

నూర్డ్‌హూక్ వైపు ముందు ఒక చిన్న ఎక్కుడు, కాస్త విరామం, తర్వాత అసలు ఎక్కుడు. మొదటిదాన్నే శిఖరం అనుకుని శక్తి ఖర్చు పెట్టేయకండి. ఏటవాలు ఎక్కువభాగం ఐదారు శాతం దగ్గరుంటుంది. ముందు పెడల్ దగ్గర 50, 34 పళ్ల చైన్‌రింగులు, వెనక చక్రానికి 11 నుంచి 32 పళ్ల దాకా ఉన్న క్యాసెట్ (పళ్ల చక్రాల వరస) ఉంటే మీకు సరిపోతుంది. 34-32 గేరులో నిమిషానికి 70 సార్లు పెడల్ తిప్పితే వేగం 9 కిలోమీటర్ల పైనే వస్తుంది. వెనక 25 పళ్ల దగ్గర ఆగిపోయే పాత రేసింగ్ క్యాసెట్ ఉన్న సైకిల్ అద్దెకిస్తే తీసుకోకండి.

ఎక్కుడు కంటే దిగుడు దగ్గర జాగ్రత్త కావాలి. హౌట్ బే వైపు మలుపులు కొండ వెనక దాక్కుని ఉంటాయి, అవతల ఏముందో కనిపించదు. వేగం మలుపులోకి వెళ్లకముందే తగ్గించాలి. మలుపులో వంగి ఉన్నప్పుడు ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు. చేతులు హ్యాండిల్ కింది వంపుల్లో ఉంటే బ్రేకు మీద పట్టు, సైకిల్ మీద అదుపు రెండూ బాగుంటాయి. వ్యూ పాయింట్ల దగ్గర ఫొటోల కోసం జనం ఉన్నట్టుండి కార్లు ఆపుతారు. ఇటువైపు గాలి కొండ మీంచి కుడివైపున పడుతుంది కాబట్టి ఈసారి మిమ్మల్ని సముద్రం వైపు నెడుతుంది. గోడ అంచుకి ఆనుకుని కాకుండా, మీ లేన్‌లో కాస్త లోపలికి ఉండండి.

హౌట్ బేలో దిగాక సైకర్‌బోసీ ఎదురవుతుంది. రెండు కిలోమీటర్ల ఎక్కుడు, అంతే. ఇదే లూప్ మొదట్లో వస్తే దీని పేరు కూడా ఎవరికీ గుర్తుండదు. 90 కిలోమీటర్ల దగ్గర, ఎండ వేడెక్కాక, నీడ లేని రోడ్డు మీద వస్తుంది కాబట్టే పేరు మోసింది. దీనికి మందు కొండ కింద దొరకదు, మొదటి గంటలోంచే తింటూ రావాలి. గంటకు 60 గ్రాముల కార్బోహైడ్రేట్, అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు, అందులో కొంచెం ఉప్పు. ఆకలి వేశాక తిందామంటే ఆలస్యమైనట్టే. పైకి చేరాక లండడ్నో మీదుగా దిగి, ట్వెల్వ్ అపోస్టల్స్ కొండల కింద తీరం వెంట క్యాంప్స్ బే దాకా వస్తారు. గాలి రోజుల్లో ఆ కొండల మీంచి గస్టులు నేరుగా కిందికి పడతాయి. అయిపోయిందని ఒక చేత్తో వీడియో తీయబోకండి.

మీ వేగానికి ఒంటరిగా తొక్కితే ఐదున్నర నుంచి ఆరున్నర గంటలు పడుతుందని నా అంచనా, ఆగిన సమయం కాకుండా. పోటీలో ఏడు గంటల గడువు ఉంటుంది. గుంపుల్లో గాలి చాటు దొరుకుతుంది, బళ్లు ఉండవు, నీళ్లు ఇస్తారు. మీ తేదీలు మార్చి రెండో ఆదివారానికి కలిస్తే పోటీలోనే తొక్కమంటాను. 1978లో కొన్ని వందల మందితో మొదలై ఇప్పుడు పదుల వేల మందితో జరుగుతోంది. నిజంగా తొక్కాల్సిన రోజు అది. కాకపోతే వేల మంది మధ్య ఒకే గీతలో తొక్కడం, ఉన్నట్టుండి బ్రేకు వేయకపోవడం ముందే అలవాటు చేసుకోవాలి.

పోటీ లేని రోజయితే ఒంటరిగా వెళ్లకండి. కొన్నిచోట్ల సైకిళ్లు లాక్కున్న సంఘటనలున్నాయి. వారాంతాల్లో పొద్దున్నే గుంపులు బయల్దేరతాయి, అడిగితే చేర్చుకుంటారు. హెల్మెట్ తప్పనిసరి, చట్టమే. ఈ రాష్ట్రంలో సైకిల్‌ని దాటే బండి కనీసం మీటరు దూరం వదలాలి, సైకిళ్లు ఒకదాని వెనక ఒకటి వెళ్లాలి. మొబైల్ నుంచి అత్యవసర నంబరు 112.

ఇప్పటి నుంచి సాధన ఏం చేయాలంటే, కొండ లేదని దిగులుపడకండి. వారానికి రెండుసార్లు ఎదురుగాలిలో, పెద్ద గేరు వేసి, నిమిషానికి 60 తిప్పుల దగ్గర, 10 నుంచి 15 నిమిషాల ముక్కలుగా తొక్కండి. వారాంతపు దూరాన్ని 80 నుంచి 100కి నెమ్మదిగా పెంచండి. దిగుడు ఒక్కటే చదును మీద నేర్చుకోలేరు. దానికోసం ఇక్కడికొచ్చిన మొదటి వారంలో చిన్న లూప్ చేయండి: ఫిష్ హూక్, సైమన్స్ టౌన్, స్మిట్స్‌వింకల్, స్కార్‌బరో, కొమ్మెకీ, మళ్లీ ఫిష్ హూక్. సుమారు 50 కిలోమీటర్లు. చాప్‌మన్స్ పీక్, సైకర్‌బోసీ ఇందులో రావు, కానీ గాలి రుచి మొత్తం ఇందులోనే తెలుస్తుంది. అది తొక్కాక ఇంకో గంట తొక్కగలననిపిస్తే, ఆ తర్వాతి వారం గాలి తక్కువున్న రోజు చూసుకుని పెద్ద లూప్‌కి బయల్దేరండి.

సైకిల్ అద్దెకి తీసుకునేటప్పుడు మీ ప్రస్తుత సైకిల్ సీటు ఎత్తు, సీటు నుంచి హ్యాండిల్‌కి దూరం కొలిచి రాసుకుని రండి, పెడల్స్ వీలైతే మీవే తెచ్చుకోండి. టైర్లు 28 మిల్లీమీటర్లవి అడగండి. మీ తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, ఆ వారం గాలి చూసి ఏ రోజు బాగుంటుందో చెప్తాను.